ఆరు, ఏడు తరగతుల పిల్లలకి కథలు చదవడం, సొంతంగా రాయడం ఎలా అలవాటు చెయ్యాలి?

ప్రశ్న: లంకబడి తెలుగు టీచర్

అందరికీ నమస్కారమండి. కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. సెక్షనుకి 42 మంది. బీరువా నిండా కథల పుస్తకాలున్నాయి గానీ తాళం తీసేదే తక్కువ. లైబ్రరీ పీరియడు టైంటేబుల్లో ఉంటుంది, సిలబస్ వెనకబడిందని వేరే సబ్జెక్టుకి పోతుంది. పుస్తకం చేతికిస్తే బొమ్మలు తిరగేసి పక్కన పెట్టేస్తున్నారు. ఏదైనా రాయమంటే గైడులో వ్యాసం దించేస్తున్నారు. పది పన్నెండు మందికి వత్తులు, సంయుక్తాక్షరాలు వస్తే ఇంకా తడబాటే. పెద్దగా ఖర్చు లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ఎందుకు పాడవుతుందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు: కాలవగట్టు

టీచర్ గారూ, ముందు సమయం సంగతి చూడండి. వారానికి ఒక పీరియడు కంటే రోజుకి 15 నిమిషాలు చాలా నయం. వారానికి ఒక్కసారే అయితే చదివిన సగం కథ మళ్లీ ఆ రోజు వచ్చేసరికి మర్చిపోతారు. మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పావుగంట అడగండి, ఆ వేళ ఏ సబ్జెక్టుకీ పెద్ద నష్టం ఉండదు. 2020లో మన రాష్ట్రంలో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం పెట్టారు కాబట్టి బడిలో చదువుకి విడిగా సమయం ఇవ్వడం హెడ్మాస్టర్లకి కొత్త మాట కాదు.

తర్వాత బీరువా. 42 మందికి 60 నుంచి 65 పుస్తకాలు బయటపెట్టండి. అంతకంటే తక్కువైతే చివర వచ్చిన పిల్లకి మిగిలిందే దిక్కు. ఉన్నవన్నీ ఒకేసారి పరిస్తే ఏది తియ్యాలో తెలియక అట్టలు చూసి వదిలేస్తారు. పుస్తకాలు వరసగా పేర్చి వీపు కనపడేలా పెట్టొద్దు. మన తెలుగు పిల్లల పుస్తకాలు చాలావరకు 16, 24 పేజీల పల్చటివి, వీపు మీద పేరే ఉండదు. కిటికీ ఊచ నుంచి ఇంకో కిటికీ ఊచకి నైలాన్ తాడు కట్టి, పుస్తకాన్ని నడిమి పేజీ దగ్గర తెరిచి తాడు మీద వెయ్యండి. అట్ట ఎదురుగా కనపడుతుంది. బట్టల క్లిప్పు పెడితే గాలికి పడదు. తాడు పిల్లల భుజాల ఎత్తులోనే ఉండాలి. 15 రోజులకోసారి సగం మార్చండి, మొత్తం మార్చొద్దు. ఎవరో ఒకరు మధ్యలో ఉంటారు.

ఆ పావుగంటలో మొదటి ఐదు నిమిషాలు మీరు పైకి చదవండి. ముందు రోజు ఒకసారి చూసుకోండి, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. కథలో చిక్కు వచ్చేచోట ఆపేసి, ఆ పుస్తకాన్ని అందరూ చూస్తుండగా తాడు మీద వేసెయ్యండి. మిగతాది వాళ్లే చదువుకుంటారు. తర్వాత పది నిమిషాలు అందరూ మౌనంగా చదవాలి, మీతో సహా. ఆ టైములో మీరు నోట్సులు దిద్దుతూ కూర్చుంటే ఇది వాళ్లని కుదురుగా కూర్చోబెట్టడానికి పెట్టిన పని అని పిల్లలకి అర్థమైపోతుంది.

పిల్లల్ని పుస్తకానికి దూరం చేసే మాట ఒకటుంది: ‘ఈ కథలో నీతి ఏమిటి?’ కథ అయిన వెంటనే ప్రశ్న పడుతుందని తెలిస్తే జవాబు కోసమే చదువుతారు, రెండో పుస్తకం ముట్టరు. మొదటి నెల ఏ ప్రశ్నా వద్దు. అడగాలనిపిస్తే ‘ఇది క్లాసులో ఎవరికి ఇస్తే బాగుంటుంది?’ అని అడగండి. నచ్చని పుస్తకం మధ్యలో వదిలేసే హక్కు కూడా ఇవ్వండి.

పుస్తకాలు పోతాయనే భయంతోనే బీరువాలకి తాళాలు పడతాయి. స్టాక్ రిజిస్టరులో ఎక్కినవి క్లాసులోనే చదివించండి. దాతలు ఇచ్చినవి, మీరు ప్రింటు తీసినవి ఇంటికి పంపండి. తేదీ, పేరు, పుస్తకం నంబరు, తిరిగిచ్చిన తేదీ, ఈ నాలుగు గడుల నోటుబుక్కు ఇద్దరు పిల్లల చేతికివ్వండి. ప్రతి రెండు వారాలకీ ఆ ఇద్దర్నీ మార్చండి.

జవాబు: వసిష్ఠ పాయ

చదవడం గురించి పైన బాగా చెప్పారు. రాత గురించి నేను చెబుతానండి.

పిల్లలు గైడు దించడానికి కారణం బద్ధకం కాదు, మనమిచ్చే అంశం. ‘వర్షాకాలం’, ‘మా గ్రామం’ అంటే అవి గైడులో రెడీగా ఉన్నాయి, పైగా పన్నెండేళ్ల పిల్ల పట్టుకోలేనంత పెద్దవి. గైడులో దొరకని అంశం ఇవ్వాలి. వేసవిలో కాలవలు కట్టేశాక మీ రేవు దగ్గర అడుగున ఏమేం బయటపడ్డాయి? పంటు (మనుషుల్ని, బళ్లని దాటించే బల్లకట్టు పడవ) మీద రేవు దాటేటప్పుడు మోటారు సైకిళ్లు ఏ పక్కన నిలబెడతారు, ఎవరు ఎక్కడ నుంచుంటారు? సంక్రాంతికి జరిగే ప్రభల తీర్థానికి ప్రభ (దేవుడి పేరున అలంకరించి భుజాల మీద మోసే ఎత్తైన చట్రం) పొలాల్లోంచి, కాలవలోంచి వెళ్లేటప్పుడు దాన్ని మోసేవాళ్లు ఏమని కేకలేస్తారు? ఇవి చూసినవాళ్లే రాయగలరు.

పద్ధతి ఇది. మొదటి ఐదు నిమిషాలు వాక్యాలు వద్దు, కనపడినవి, వినపడినవి, వాసన వచ్చినవి పది మాటలు కిందకి కిందకి రాయమనండి. అందులో ఒక్కదానికి సున్నా చుట్టమనండి. దాని మీద ఆరు వాక్యాలు, పది నిమిషాలు. ‘అందంగా’, ‘చాలా బాగుంది’, ‘ఆనందంగా’ అనే మూడు మాటలు ఆ రోజుకి నిషేధం. తర్వాత పక్కవాడికి చదివి వినిపించాలి, విన్నవాడు రెండు ప్రశ్నలు అడగాలి. ఆ జవాబుల్ని కలిపి మళ్లీ రాయాలి. అసలు రచన ఆ రెండోసారి రాయడంలోనే వస్తుంది, మనవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ దాన్నే.

ఉదాహరణకి ఒక పిల్లాడు ‘మా తాత కొబ్బరికాయలు దింపుతాడు’ అని రాసి ఆపేశాడనుకోండి. పక్కవాడు అడగాల్సినవి: ఎక్కేటప్పుడు కాళ్లకి ఏం వేసుకుంటాడు, దాన్ని మీ ఇంట్లో ఏమంటారు? కాయ ఇసకలో పడితే ఎలా చప్పుడవుతుంది, బోదెలో నీళ్లలో పడితే ఎలా? కింద నుంచున్నవాళ్లని తాత ఏమని కేకేస్తాడు? ఈ మూడింటికి జవాబు రాస్తే ఒక్క వాక్యం ఎనిమిదవుతుంది, అందులో ఒక్కటీ గైడులోది కాదు.

వరద గురించి రాయించాలంటే మనకి సిద్ధంగా ఒక చట్రం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఒకే ఇంటిని మూడు హెచ్చరికల దగ్గరా మూడు చిన్న పేరాల్లో రాయమనండి: మొదటప్పుడు అటక మీదకి ఏం ఎక్కించారు, రెండోసారి పశువుల్ని ఎటు తోలారు, మూడోసారి చేతిలో ఏం పట్టుకుని పడవెక్కారు. మొదలు, నడుమ, ముగింపు దానంతటదే వస్తుంది. ఒక్క జాగ్రత్త. లంకల్లో (నది మధ్య దిబ్బల మీది ఊళ్లలో) ఇల్లు, గొడ్లు పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలుంటారు. ఈ అంశంతో పాటు ఇంకోటి కూడా ఇచ్చి, నచ్చింది రాసుకోమనండి.

దిద్దడం దగ్గర చాలా చెడుతుంది. పేజీ అంతా ఎర్ర ఇంకు పడితే తర్వాతిసారి నాలుగు లైన్లే రాస్తారు, తెలిసిన మాటలే వాడతారు. ఒక వారానికి రెండు రకాల తప్పులే పట్టుకోండి: ఈ వారం వత్తులు, విరామ చిహ్నాలు. మిగతావి కనపడినా వదిలెయ్యండి. ‘ఎల్లాడు’, ‘వత్తాది’ లాంటి ఇంటి మాటలు పాత్రల సంభాషణలో ఉంటే అలాగే ఉంచండి, ఆ మనిషి గొంతు వాటిలోనే ఉంటుంది. కథ చెప్పే వాక్యాల్లో వస్తే రెండో ప్రతిలో పిల్లాడి చేతే మార్పించండి.

పోటీలు పెట్టి ప్రైజులిస్తే ఎప్పుడూ ఆ ముగ్గురికే వస్తాయి, మిగతా 39 మంది ఇది మన పని కాదనుకుంటారు. గోడ మీద అంటించేటప్పుడు ప్రతి ఒక్కరి రాతలోంచి మంచి వాక్యం ఒకటి ఏరి అంటించండి.

లంకబడి తెలుగు టీచర్

చాలా ధన్యవాదాలండి. రెండు సందేహాలు. చదవడం సరిగా రాని పది పన్నెండు మందికి ఒకటి రెండు తరగతుల పుస్తకాలిస్తే సిగ్గుపడి తీసుకోవట్లేదు, ఏం చెయ్యాలి? పోయినేడు తాళం తియ్యకపోవడంతో వానాకాలంలో బీరువాలో పుస్తకాలకి బూజు పట్టింది, దాని సంగతేంటి?

జవాబు: అచ్చుకాగితం

మొదటిదానికి నేను చెబుతాను. పుస్తకం ఆ పిల్లాడి స్థాయిదా కాదా అన్నది ఐదు వేళ్లతో తేల్చొచ్చు. ఏదో ఒక పేజీ చదివించి, తడబడిన ప్రతి మాటకీ వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదూ ముడుచుకుంటే అది ఇప్పటికి బరువు.

సిగ్గు పోవాలంటే ఆ చిన్న పుస్తకం చదవడానికి గౌరవమైన కారణం ఉండాలి. దగ్గర్లో ప్రాథమిక పాఠశాల ఉంటే, శనివారం అక్కడ ఒకటో తరగతి పిల్లలకి కథ చదివి వినిపించే బాధ్యత వీళ్లకివ్వండి. అప్పుడు ఆ పుస్తకం వీళ్లకి పాఠం కాదు, సాధన. బుధ, గురు, శుక్రవారాలు రోజుకి పది నిమిషాలు జంటగా: మొదట మీరో, బాగా చదివే పిల్లో వాక్యం చదవాలి, అదే వాక్యాన్ని వీడు వేలు పెట్టి తిరిగి చదవాలి. మూడో రోజుకి ఒంటరిగా. అదే కథ పదే పదే చదవడం వల్లే వత్తులు కుదురుతాయి, కొత్త కథ రోజూ ఇస్తే కుదరవు.

పుస్తకాలకి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటు చూడండి. తెలుగు కథలు స్థాయిలవారీగా ఉంటాయి, ఉచితంగా దించుకుని ప్రింటు తీసుకోవచ్చు. 16 పేజీల పుస్తకానికి ఏ4 కాగితాలు నాలుగే, రెండు వైపులా ప్రింటు. జిరాక్సు షాపులో ‘బుక్‌లెట్’ అని చెప్పండి. అది రాకపోతే పేజీల వరస మీరే చెప్పాలి: మొదటి కాగితం ఒక పక్క 16, 1, వెనక 2, 15. రెండోది 14, 3, వెనక 4, 13. మూడోది 12, 5, వెనక 6, 11. నాలుగోది 10, 7, వెనక 8, 9. ఒకదానిలో ఒకటి పెట్టి మధ్యకి మడిచి, మడత మీద మూడు చిల్లులు పొడిచి దారంతో కుట్టండి. మామూలు స్టేప్లరు మధ్యదాకా అందదు, మూలన కొడితే రెండో రోజుకి ఊడొస్తుంది. పిల్లలు రాసినవి కూడా ఇలాగే కుట్టి, నంబరు వేసి, మిగతా పుస్తకాలతో పాటే తాడు మీద వెయ్యండి.

జవాబు: శాఖా గ్రంథాలయం

బూజు సంగతి. మన దగ్గర జులై నుంచి నవంబరు దాకా ఇనప బీరువాలో చెమ్మ చేరుతుంది. బీరువా గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం ఉంచండి, కాళ్ల కింద చెక్కలు పెట్టండి, పుస్తకాలు బిగించి కుక్కొద్దు. ఎండ ఉన్న రోజు తలుపులు గంటసేపు తెరిచిపెట్టండి. నిజానికి రోజూ చదివే పుస్తకానికి బూజు పట్టదు. కలరా ఉండలు పిల్లలు చెయ్యిపెట్టే చోట వద్దు, బిళ్లలనుకుని నోట్లో వేసుకుంటారు. ఎండిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టుకోండి.

బూజు పట్టినవాటిని ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని పొడి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే బూజు కాగితంలోకి ఇంకుతుంది. తడిసినవైతే పది పేజీలకో న్యూస్‌పేపరు ముక్క దోపి, నీడలో గాలికి నిలబెట్టండి, పేపరు తడిసినప్పుడల్లా మార్చండి. నేరుగా ఎండలో పెడితే అట్టలు మెలిపడతాయి, జిగురు విడిపోతుంది.

ఇంకోటి, మీ మండలంలో జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ ఉండే ఉంటుంది. 1930ల్లోనే గ్రంథాలయ ఉద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవల మీద పడవలో గ్రంథాలయం నడిపించారు, పుస్తకం పిల్లల దగ్గరికి వెళ్లడం మనకి కొత్త కాదు. హెడ్మాస్టరు గారి చేత లెటరు రాయించి, పుస్తకాలు బడికి కొన్నాళ్లు ఇవ్వగలరేమో గ్రంథపాలకుణ్ని అడగండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం మీ పిల్లలు కుట్టిన పుస్తకాలు అక్కడ బల్ల మీద పెట్టి, ఊళ్లోవాళ్లకి చదివి వినిపించే ఏర్పాటు అడగాలంటే అక్టోబరు రెండో వారంలోపు వెళ్లి మాట్లాడండి, ఆ తర్వాత కార్యక్రమాలు ఖరారైపోతాయి.