ప్రీ-కాలేజ్ సమ్మర్ ప్రోగ్రామ్ నుంచి లెటర్ వచ్చింది, పాపని పంపించాలా వద్దా?

అందరికీ నమస్తే అండి. మేము న్యూజెర్సీలో ఉంటాం, మా పాప ఇప్పుడు టెన్త్ గ్రేడ్. పోయిన వారం ఇంటికి ఒక దళసరి కవరు వచ్చింది, పైన పెద్ద యూనివర్సిటీ పేరు, లోపల "మీ అమ్మాయి ఎంపికైంది" అని బంగారు రంగు అక్షరాలు. రెండు వారాలు అక్కడే డార్మ్‌లో ఉండి చదువుకోవాలట, ఫీజు దాదాపు 6000 డాలర్లు. పాప ఎగిరి గంతేస్తోంది, మావారేమో ఇంత పెడితే రేపు ఆ కాలేజీలో సీటుకి ఏమైనా పనికొస్తుందా అంటున్నారు. దానికి బయాలజీ అంటే ప్రాణం, పెరట్లో చీమల పుట్ట దగ్గర గంటలు గంటలు కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఇప్పటిదాకా ఒక్క రాత్రి కూడా మమ్మల్ని వదిలి ఉండలేదు, నాకు అదొక బెంగ. పిల్లల్ని పంపినవాళ్ళు ఉంటే కొంచెం చెప్పండి ప్లీజ్.

జవాబు 1

అక్కా, ముందు ఆ లెటర్ చూసి మురిసిపోకండి. అలాంటి కవర్లు టెస్టుల దగ్గర, సర్వేల దగ్గర పిల్లలు రాసిచ్చిన అడ్రసులు పట్టుకుని వేలమందికి పంపిస్తారు. మా వాడికి కూడా వచ్చింది, అప్పు చేసి మరీ పంపాం. తీరా వెళ్ళాక తెలిసింది, అది ఆ యూనివర్సిటీ వాళ్ళు నడిపేది కానే కాదు, బయటి కంపెనీ క్యాంపస్ అద్దెకి తీసుకుని పెట్టింది, పాఠాలు చెప్పింది కూడా అక్కడి ప్రొఫెసర్లు కాదు. చాలా బాధపడ్డాం. అందుకని వెబ్‌సైట్‌లో అడుగున చిన్న అక్షరాలు చదవండి, ఎవరు నడుపుతున్నారో అక్కడ ఉంటుంది. యూనివర్సిటీలు సొంతంగా నడిపేవి కూడా ఉన్నాయి, హార్వర్డ్‌ది రెండు వారాల ప్రోగ్రామ్ అలాంటిదే, కానీ దానికి కాలేజీ క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి వచ్చేది) రాదు, అక్కడికి వెళ్ళొచ్చినంత మాత్రాన సీటూ రాదు. సీటు కోసమైతే మాత్రం అంత డబ్బు పెట్టొద్దు.

జవాబు 2

ఆంటీ, నేను ఇప్పుడు కాలేజ్ సెకండ్ ఇయర్. లెవెన్త్ అయ్యాక సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్‌కి వెళ్ళాను. అది 1959లో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో మొదలైంది, ఇప్పుడు వేరే వేరే క్యాంపస్‌లలో జరుగుతోంది. నాది ఆస్ట్రానమీ. ముగ్గురం ఒక టీమ్, భూమికి దగ్గరగా వచ్చే ఒక ఆస్టరాయిడ్‌ని (గ్రహశకలాన్ని) టెలిస్కోప్‌తో ఫోటోలు తీసి అది ఎక్కడుందో కొలిచి, గాస్ అనే గణితవేత్త పద్ధతిలో దాని కక్ష్య లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్ మేమే రాయాలి. వరసగా మూడు రాత్రులు మబ్బులు, నాలుగో రాత్రి రెండింటికి ఫోటోలో చుక్కల మధ్య ఒక చుక్క మాత్రం కాస్త జరిగి కనిపించింది, అప్పుడు మేం వేసిన కేకలకి పక్క టీమ్ వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మా లెక్క మొదటిసారి పూర్తిగా తప్పొచ్చింది, తప్పెక్కడుందో వెతకడానికి రెండు రోజులు పట్టింది, నేను నిజంగా నేర్చుకుంది ఆ రెండు రోజుల్లోనే. మీ పాపకి బయాలజీ ఇష్టం అంటున్నారు కదా, దాన్లోనే బయోకెమిస్ట్రీ కూడా ఉంది. ఫీజు ఉంటుంది కానీ ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు.

బెంగ గురించి: మొదటి రెండు రోజులు నేనూ అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను, మూడో రోజు నుంచి అమ్మే నాకు ఫోన్ చేసి ఎందుకు చేయట్లేదని అడిగేది.

జవాబు 3

పైన తమ్ముడు చెప్పింది నిజం. ఇంకో మాట, ఫీజు లేకుండా నడిచేవి కూడా ఉన్నాయి, కాకపోతే సీటు దొరకడం చాలా కష్టం. ఎమ్ఐటీలో జరిగే ఆర్ఎస్ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్) అనే సమ్మర్ ప్రోగ్రామ్ 1984 నుంచి ఉంది, ఆరు వారాలు, దేశం మొత్తం మీద, బయటి దేశాల నుంచి కలిపి సుమారు వందమందిని తీసుకుంటారు, ప్రయాణ ఖర్చు మాత్రమే మనది. ఎమ్ఐటీదే మైటీస్ అనే ఇంకో సమ్మర్ ప్రోగ్రామ్ కూడా ఫ్రీ. మీరు న్యూజెర్సీ కాబట్టి డ్రూ యూనివర్సిటీలో జరిగే గవర్నర్స్ స్కూల్ ఇన్ ద సైన్సెస్ అనే సమ్మర్ ప్రోగ్రామ్ గురించి స్కూల్ కౌన్సెలర్‌ని అడగండి. వీటిలో చాలావరకు లెవెన్త్ చదువుతున్నవాళ్ళే అప్లై చేయాలి, అంటే మీ పాపకి ఇంకో ఏడాది టైం ఉంది. అప్లికేషన్లు చలికాలంలోనే ముగిసిపోతాయి, ఏప్రిల్‌లో వెతికితే దొరకవు. టీచర్ రికమెండేషన్ కావాలి, దానికి ముందునుంచే చెప్పి ఉంచండి.

ఇంకొకటి, క్రెడిట్ ఇచ్చే కోర్సు తీసుకుంటే ఆ గ్రేడ్ ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల రికార్డులో) ఉండిపోతుంది, తర్వాత కాలేజీకి అప్లై చేసేటప్పుడు చూపించాల్సి వస్తుంది. తేలిగ్గా తీసుకుని సీ గ్రేడ్ తెచ్చుకున్న పిల్ల నాకు తెలుసు, ఆ తర్వాత ఎన్ని ఏ గ్రేడ్లు తెచ్చుకున్నా దాని గురించే దిగులుపడేది. ఈ సమ్మర్‌కి మీ దగ్గర కమ్యూనిటీ కాలేజీలో ఒక బయాలజీ క్లాస్ చూడండి, ఖర్చు చాలా తక్కువ, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది, కష్టపడి చదవగలదో లేదో మీకూ తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. కవరు తీసి అడుగున చూశాం, నిజంగానే వేరే కంపెనీ పేరుంది. పాపకి చూపిస్తే రాత్రంతా మాట్లాడలేదు, పొద్దున లేచి తనే ఆస్టరాయిడ్ జవాబు రెండుసార్లు చదివి బయోకెమిస్ట్రీలో ఏం చేయిస్తారని అడిగింది. రేపు చీమల నోట్‌బుక్ తీసుకెళ్ళి బయాలజీ టీచర్‌కి చూపిస్తానంటోంది. తమ్ముడూ, అప్లికేషన్‌లో వ్యాసాలు ఎలాంటివి అడిగారో గుర్తుంటే చెప్పవా?