హత్య ఉన్నా నిద్ర చెడగొట్టని అపరాధ పరిశోధన నవలలు: ఏ వరుసలో చదవాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

మా అమ్మగారు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేశారు. గత నెలలో ఆమెకు కంటి శస్త్రచికిత్స జరిగింది. చూపు కుదుటపడేదాకా రోజూ రాత్రి భోజనాలయ్యాక నేనే పుస్తకం చదివి వినిపిస్తున్నాను. అపరాధ పరిశోధన నవలలంటే ఆమెకు చిన్ననాటి నుంచీ ప్రాణం. అయితే ఈమధ్య నేను తెచ్చిన నవలల్లో శవపరీక్షలనూ చిత్రహింసలనూ పేజీల కొద్దీ వర్ణించడంతో, విన్న రాత్రల్లా ఆమెకు నిద్ర పట్టడం లేదు. చిక్కుముడి గట్టిగా ఉండి, రక్తపాతం మాత్రం కళ్లకు కట్టని ‘కోజీ మిస్టరీ’లలో దేనితో మొదలుపెట్టడం మంచిది? ఒక సిరీస్‌ను మొదటి పుస్తకం నుంచే చదవాలా, దొరికినది దొరికినట్టు చదువుకోవచ్చా?

పాతపుటలు

పైకి చదివి వినిపించడానికి అగాథా క్రిస్టీ ‘ది థర్టీన్ ప్రాబ్లమ్స్’ కంటే అనువైనది నాకు తోచడం లేదు. 1932లో వచ్చిన ఈ సంపుటిలో మిస్ మార్పుల్ అనే పెద్దావిడ చిక్కుముడులు విప్పే కథలు 13 ఉన్నాయి. రాత్రికొకటి చొప్పున సరిపోతాయి. మొదటి ఆరు కథల్లో కొందరు పరిచయస్థులు మంగళవారం రాత్రుల్లో ఆమె ఇంట చేరి, తమకు తెలిసిన చిక్కు సంఘటనలను ఒక్కొక్కరుగా చెబుతారు. పోలీసు శాఖలో పెద్ద పదవి చేసిన వ్యక్తి, న్యాయవాది, రచయిత, చిత్రకారిణి, మతబోధకుడు తలా ఒక ఊహ చెబుతూ ఉండగా, అంతసేపూ అల్లిక పనిలో ఉన్న పెద్దావిడ చివరికి అసలు సంగతి విప్పుతుంది. ఆవిడ వెతికేది వేలిముద్రల కోసం కాదు. సెయింట్ మేరీ మీడ్ అనే తన పల్లెలో ఇలాగే ప్రవర్తించిన మనిషి ఎవరా అని జ్ఞాపకం చేసుకుంటుంది. క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేయడం వల్ల విషాల గురించి బాగా తెలుసు; ఆమె కథల్లో విషప్రయోగం ఎక్కువ, నెత్తురు తక్కువ.

మార్పుల్ నవలలకు వరుస పెద్దగా అక్కరలేదు. కానీ 1962 నాటి నవలలో ఆ పల్లె అంచున కొత్త ఇళ్ల కాలనీ వెలుస్తుంది. 1930లో వచ్చిన మొదటి నవల చదివి పాత ఊరిని ఎరిగినవారికే ఆ మార్పు మనసుకు తగులుతుంది.

చెట్టుకిందికుర్చీ

పాతపుటలు గారి సలహా బాగుంది. ఆ తరువాత బోట్స్వానా వెళ్లండి. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో ప్రారంభించిన ‘నంబర్ వన్ లేడీస్ డిటెక్టివ్ ఏజెన్సీ’ సిరీస్‌లో, దక్షిణాఫ్రికా గనుల్లో పనిచేసిన తండ్రి కూడబెట్టిన పశువులను ఆయన మరణానంతరం అమ్మి, ప్రెషస్ రమోత్స్వే గాబరోన్‌లో డిటెక్టివ్ కార్యాలయం తెరుస్తుంది. ఆమె దగ్గరికి వచ్చేవి ఎక్కువగా హత్యలు కావు: భర్త మీద అనుమానం, తండ్రినని చెప్పుకుని ఇంట్లో తిష్ఠవేసిన మనిషి, ఇలాంటివి. అయితే మొదటి పుస్తకంలో తప్పిపోయిన పిల్లవాడి ఉదంతం భయపెట్టేదే కనుక, ఆ అధ్యాయాలను పగటిపూట చదివి వినిపించండి. ఇక్కడ మాత్రం వరుస తప్పకూడదు. మొదటి పుస్తకంలో కుదిరిన పెళ్లి ఐదో పుస్తకంలో గానీ జరగదు, ఆ ఎదురుచూపులోనే ఉంది సగం ఆనందం.

మూడోజాము

కోజీ అంటే బాధ లేని కథ అనుకోవడం సరి కాదని నా అభిప్రాయం. రిచర్డ్ ఆస్మన్ ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’ (2020) నాకు ఎంతో ఇష్టం. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, విశ్రాంత జీవితం గడిపేవారి నివాస సముదాయంలో ఉండే నలుగురు పెద్దవాళ్లు గురువారాల్లో కలిసి పాత కేసులు తిరగేస్తారు. నవ్వు ధారాళంగా ఉన్నా, వారిలో ఒకావిడ భర్త జ్ఞాపకశక్తి పుస్తకం పుస్తకానికీ క్షీణిస్తూ ఉంటుంది. నాకు ఆ నవలలు అందుకే మరింత ఆత్మీయమయ్యాయి, కానీ అమ్మగారికి వినిపించే ముందు మీరొకసారి చదివి నిర్ణయించుకోండి.

అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అమ్మగారికి గుర్తుండే ఉంటాయి. వాటిలో వేగం ఉంది. ఇంటి ముచ్చటలోని తీపి కావాలంటే మనం మునిమాణిక్యం వారి కాంతం కథల దగ్గరికి వెళ్లేవాళ్లం. వీధి అరుగు మీద కూర్చుని, ఎవరింట్లో ఏ వేళకు పొయ్యి వెలుగుతుందో ఎరిగిన బామ్మగారిని అపరాధ పరిశోధకురాలిగా నిలిపి, ఆ రెండింటినీ కలిపే తెలుగు సిరీస్ ఒకటి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

గోదారిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ‘ది థర్టీన్ ప్రాబ్లమ్స్’లో మొదటి కథ చదివాను. చివరి రెండు పేజీల ముందు అమ్మ నన్ను ఆపమని, మేము పూర్వం ఉన్న వీధిలోని ఒక కుటుంబాన్ని తలచుకుని, దోషి ఎవరో చెప్పారు. సరిగ్గానే చెప్పారు. ఆ తరువాత హాయిగా నిద్రపోయారు. బోట్స్వానా మొదటి పుస్తకాన్ని గ్రంథాలయంలో అడిగి ఉంచాను.