షరతుల మీద షరతులున్న ఫారం: సర్వర్ తనిఖీని ఇఫ్-ఎల్స్‌గా రాయాలా, నియమాల పట్టికగా రాయాలా?

నల్లరేగడి:
మా సంస్థకు సరుకు సరఫరా చేసే వ్యాపారులు తమ వివరాలు నమోదు చేసుకోవడానికి ఒక వెబ్ ఫారం ఉంది. సర్వర్ వైపు పీహెచ్‌పీ భాష వాడుతున్నాం. దరఖాస్తుదారు వ్యక్తా, కంపెనీయా. జీఎస్టీలో నమోదయ్యారా, లేదా. ఆ తరువాత పాన్, జీఎస్టీ నంబరు, రాష్ట్రం, పిన్‌కోడ్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ. అడిగేది ఇంతే. కానీ ఒక గడిలో ఏమి నింపారన్న దాన్ని బట్టి మరొక గడి తప్పనిసరి కావడమో, అక్కరలేకుండా పోవడమో జరుగుతుంది. ఈ తనిఖీ అంతా ఒకే ఫంక్షన్‌లో, ఇఫ్ (‘ఇలా ఉంటే ఇది చెయ్యి’ అన్న షరతు) లోపల ఇఫ్ చొప్పున నాలుగేళ్లుగా పెరిగి 340 వరుసలయింది. కొత్తగా చేరిన సహోద్యోగి దీన్ని తీసివేసి, లారవెల్ (పీహెచ్‌పీకి సిద్ధంగా దొరికే కోడ్ చట్రం, అంటే ఫ్రేమ్‌వర్క్) తరహాలో నియమాల పట్టికగా, అంటే ఏ గడికి ఏ నియమాలో వరుసగా రాసిన జాబితాగా మార్చుదామంటున్నారు. ఇఫ్-ఎల్స్ ఎవరైనా చదవగలరనీ, పట్టిక అర్థం కావాలంటే ముందు ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలనీ నా వాదన. మీలో దీన్ని అనుభవించినవారు ఏమంటారు?

వంతెన:
మీ సహోద్యోగి మాటే సరైనదని నేను అనుకుంటున్నాను. ఇఫ్-ఎల్స్ ఎవరైనా చదవగలరన్నది ఇరవై వరుసల వరకే నిజం. లారవెల్‌లో ‘రిక్వయిర్డ్ ఇఫ్’ (ఫలానా గడిలో ఫలానా విలువ ఉంటే ఈ గడి తప్పనిసరి) అనే నియమం ఒక్క వరుసలో చెప్పేది మీ కోడ్‌లో ఎన్ని చోట్ల చెదిరి ఉందో వెతికి చూడండి. పైగా చేత్తో రాసిన ప్రతి ఇఫ్‌లోనూ పీహెచ్‌పీ తన పాత గోతులు తవ్వి ఉంచుతుంది. గడి ఖాళీయా అని చూసే ‘ఎంప్టీ’ ఫంక్షన్‌కు సున్నా అన్న అక్షరాన్ని ఇస్తే అది ఖాళీయే అంటుంది. ఉదాహరణకు ఏదైనా ఫారంలో ‘ఎన్నేళ్ల అనుభవం ఉంది?’ అన్న గడి ఉంటే, అందులో కొత్త వ్యాపారి నిజాయితీగా 0 అని నింపితే ‘ఈ గడి తప్పనిసరి’ అని ఎర్ర అక్షరాలు వస్తాయి. దానిని మానేసి ‘ఫిల్టర్ వార్’ అనే మరో ఫంక్షన్‌తో పూర్ణాంకమా కాదా అని పరీక్షించినా, అది తిరిగి ఇచ్చే విలువ కూడా సున్నాయే కనుక, మూడు సమాన గుర్తులు పెట్టి (విలువతో పాటు దాని రకాన్నీ చూసేలా) ‘ఫాల్స్’తో, అంటే ‘కాదు’ అన్న జవాబుతో పోల్చకపోతే మళ్లీ అదే తప్పు జరుగుతుంది. పట్టికలో ఈ జాగ్రత్త ఒక్కచోట తీసుకుంటే సరిపోతుంది.

పాతకాపు:
వంతెన గారూ, ఒక్కొక్క గడి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ నల్లరేగడి గారి ఫారంలో అసలు కష్టం గడుల మధ్య ఉంది. జీఎస్టీ నంబరునే తీసుకుందాం. 15 అక్షరాలలో మొదటి రెండు అంకెలు రాష్ట్ర సంకేతం, తరువాతి పది అక్షరాలు పాన్, పదమూడవది అదే పాన్‌పై ఆ రాష్ట్రంలో ఎన్నో నమోదు అన్నది, పద్నాలుగవది సాధారణంగా జెడ్, చివరిది తనిఖీ అక్షరం. అంటే ఈ ఒక్క గడి పాన్ గడితోనూ, రాష్ట్రం గడితోనూ సరిపోలాలి. ఈ పొత్తును పట్టికలో ఇమిడ్చబోతే చివరకు ఒక ఫంక్షన్ రాసి దాన్ని పట్టికలో వేలాడదీయవలసి వస్తుంది. అది పట్టిక ముసుగు వేసుకున్న ఇఫ్-ఎల్సే.

నేను ఒకప్పుడు పనిచేసిన చోట రాష్ట్ర సంకేతాలను పాత జాబితా నుంచి తెచ్చి పట్టికలో పెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 28 అని ఉంది. అది విభజనకు ముందున్న సంకేతం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌ది 37, తెలంగాణది 36. విజయవాడ వ్యాపారులు ఒక్కరు కూడా నమోదు కాలేకపోయారు, హైదరాబాదువారు మాత్రం సాఫీగా వెళ్లిపోయారు. నియమం చూడటానికి ముచ్చటగా, ఒక్క వరుసలో ఉండటంతో దానిని ఎవరూ అనుమానించలేదు.

కుంపటి:
ఇంత చర్చ ఎందుకండీ? జావాస్క్రిప్ట్‌తో బ్రౌజర్‌లోనే ఆపేస్తే తప్పుడు వివరాలు సర్వర్ దాకా రానే రావు కదా?

పాతకాపు:
వస్తాయి. బ్రౌజర్ లేకుండానే సర్వర్‌కు వివరాలు పంపే కర్ల్ ఆదేశంతో మీ ఫారం మొహం చూడకుండానే ఏ విలువైనా పంపవచ్చు. బ్రౌజర్ తనిఖీ వాడేవారి సౌకర్యం కోసమే తప్ప కాపలాకు పనికిరాదు.

మరమగ్గం:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నల్లరేగడి గారూ, ఒక పని చేసి చూడండి. మీ ఫారంలో ‘జీఎస్టీలో నమోదయ్యాను’ అని ఎంచుకుని, జీఎస్టీ నంబరు గడిలో ఏదో ఒక తప్పుడు సంఖ్య కొట్టండి. ఆ తరువాత మనసు మార్చుకుని ‘నమోదు కాలేదు’ అని మార్చి సబ్మిట్ చేయండి. గడి తెరపై నుంచి మాయమై ఉంటుంది, కానీ సీఎస్ఎస్‌తో (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్‌తో) దాచిన గడి తన విలువను సర్వర్‌కు పంపుతూనే ఉంటుంది. గడిని డిసేబుల్ చేస్తేనే ఆ విలువ రాదు. అలా వచ్చిన విలువను మీ కోడ్ తనిఖీ చేసిందంటే, వ్యాపారికి కనిపించని గడిలో తప్పుందని చెబుతుంది. పాపం, ఆయన దేనిని దిద్దుకోవాలి?

ఈ తప్పు ఇఫ్-ఎల్స్‌లోనూ జరుగుతుంది, పట్టికలోనూ జరుగుతుంది. అందుకే నేను ముందుగా దరఖాస్తు రూపాన్ని నిర్ణయించే రెండు మూడు జవాబులను (వ్యక్తా కంపెనీయా, జీఎస్టీలో నమోదయ్యారా లేదా వంటివి) మాత్రమే చదువుతాను. అవి అనుమతించిన విలువలలో లేకపోతే అక్కడే తిప్పి పంపుతాను. రూపం తేలాక, ఆ రూపానికి చెందిన గడులను మాత్రమే కొత్త అర్రేలోకి (విలువల జాబితాలోకి) తీసుకుని మిగతావన్నీ వదిలేస్తాను. ఇక్కడి నుంచి ‘ఒకవేళ’ అన్న మాట దాదాపు ఉండదు. ఒక్కొక్క గడి రూపురేఖలకు వంతెన గారి పట్టిక హాయిగా సరిపోతుంది. పాన్, జీఎస్టీ, రాష్ట్రం పొత్తు కుదిరిందా అన్నదానికి పాతకాపు గారు చెప్పినట్టు పేరున్న చిన్న ఫంక్షన్ రాస్తాను, అది కూడా మూడు గడులూ విడివిడిగా సరిగా ఉన్నప్పుడే నడుస్తుంది. లేకపోతే పాన్‌లో ఒక్క అక్షరం తప్పితే తెరపై మూడు హెచ్చరికలు పడతాయి.

వంతెన:
గడులను ముందే వదిలేయడానికి లారవెల్‌లో ‘ఎక్స్‌క్లూడ్ ఇఫ్’ ఉంది. అయినా మీ వరుసక్రమం నాకు నచ్చింది. ఒక్క అభ్యంతరం ఉంది: రూపాలు రెండు మూడైతే సరే, రెండేసి ఎంపికలున్న ప్రశ్నలు రెండు కలిసి నాలుగు, మూడు కలిసి ఎనిమిది రూపాలైతే?

మరమగ్గం:
లెక్కకు ఎనిమిదైనా, అందులో నిజంగా ఉండేవి తక్కువ. రూపాలకు పేర్లు పెట్టబోతే పేరు దొరకనివి బయటపడతాయి. సాధారణంగా అవి ఫారంలో ప్రశ్న సరిగా అడగకపోవడం వల్ల పుట్టినవే. ఉదాహరణకు పాన్‌లో నాలుగవ అక్షరం వ్యక్తికి పీ, కంపెనీకి సీ. దీన్ని తనిఖీ చేయాలని అందరికీ బుద్ధి పుడుతుంది. కానీ బజారులో ‘ట్రేడర్స్’ అని బోర్డు పెట్టుకుని ఒక్కరే నడుపుకునే దుకాణానికి వేరే పాన్ ఉండదు, యజమాని పానే దుకాణం పాన్. ఆయన తనది కంపెనీయేనని ఎంచుకుంటారు, మీ కోడ్ పీ అక్షరం చూసి తోసిపుచ్చుతుంది. ఎన్ని ఇఫ్‌లు రాసినా ఇది తీరదు. ‘సొంత దుకాణం’ అన్న మూడో ఎంపిక ఫారంలో ఉండాలి.

పనిలో పనిగా పేరు గడి కూడా చూడండి. ఇంటిపేరుకు కనీసం రెండు అక్షరాలు ఉండాలన్న నియమం పెడితే ‘వి’ అని పొడి అక్షరం రాసుకునే మనవాళ్లందరూ ఆగిపోతారు. తెలుగులో పేరు తీసుకుంటున్నట్లయితే పొడవును బైట్లలో కొలిచే ‘స్ట్రింగ్ లెన్’ ఫంక్షన్‌ను నమ్మకండి. శ్రీ అన్నది చదివేవారికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో (కంప్యూటర్లు అన్ని లిపులకూ వాడే సంకేతాల పట్టికలో) నాలుగు సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. యాభైకి మించరాదని బైట్లలో కొలిస్తే పదహారు సంకేతాల దగ్గరే పేరు తెగిపోతుంది.

నల్లరేగడి:
అందరికీ కృతజ్ఞతలు. మరమగ్గం గారు చెప్పిన పరీక్ష చేశాను. కనిపించని గడిపై హెచ్చరిక నిజంగానే వచ్చింది. 340 వరుసలనూ ముద్రించి రంగు పెన్సిళ్లతో గీశాను. అందులో అధిక భాగం ‘ఈ గడి ఈ రూపానికి చెందినదేనా’ అన్న ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడుగుతోంది. నా ఇఫ్-ఎల్స్‌ను ఎవరైనా చదవగలరన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను.

ఇంకొక సంగతి కూడా తేలింది. మా ఫారంలో సగం నింపి దాచుకునే వీలుంది. దాచుకునేటప్పుడు తప్పనిసరి నియమాలు వర్తించకూడదు, నింపినంత మేరకు అంకెల, అక్షరాల రూపం మాత్రం చూడాలి. రెండూ ఒకే ఇఫ్‌లో పెనవేసి ఉండటం వల్ల ఇన్నాళ్లూ దాచుకునేటప్పుడు ఏ తనిఖీ లేకుండానే వదిలేశాం. కనుక గడి రూపాన్ని చూసే పట్టికను రెండు సందర్భాలలోనూ నడిపి, తప్పనిసరి నియమాలనూ పొత్తు చూసే ఫంక్షన్లనూ తుది సబ్మిట్‌కు మాత్రమే ఉంచుతున్నాను. ఒకే పాన్ రెండుసార్లు నమోదు కాకుండా ఒక ఇఫ్ ఉంది, దాన్ని అలాగే ఉంచవచ్చా?

పాతకాపు:
తీసివేయండి. జీఎస్టీ నమోదు రాష్ట్రాలవారీగా ఉంటుంది కనుక హైదరాబాదులోనూ, విజయవాడలోనూ వ్యాపారం ఉన్న కంపెనీకి ఒకే పాన్‌పై 36తో ఒకటి, 37తో ఒకటి రెండు నంబర్లు ఉంటాయి. రెండోది మీ దగ్గర నమోదు కాదు. ఒక్కటే ఉండాలన్న నియమాన్ని జీఎస్టీ నంబరుకు పెట్టండి, అది కూడా ఇఫ్‌గా కాకుండా డేటాబేస్‌లో యునీక్ కన్‌స్ట్రెయింట్‌గా (ఒకే విలువ రెండోసారి చేరకుండా డేటాబేసే ఆపే నియమంగా) పెట్టండి. ఒకే క్షణంలో రెండుసార్లు సబ్మిట్ నొక్కితే, మీ ఇఫ్ రెండుసార్లూ ‘ఇంకా లేదు’ అనే చెబుతుంది.