అప్‌డేట్: దెయ్యాల సినిమాల మీద పేరడీలు, చాలావరకు చూసేశాం

హారర్ సినిమాలను ఆటపట్టించే సినిమాలు చెప్పండి, ఇంటిల్లిపాదీ చూడాలి అని అడిగాను కదా. చెప్పినవాళ్ళందరికీ థాంక్స్. గాజువాక నుంచి పిన్నివాళ్ళు వచ్చారు, బయట ఒకటే వాన, ఎంవీపీ కాలనీలో మా హాలే థియేటరైపోయింది.

అందరికన్నా ఎక్కువ మార్కులు 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1974)కే. బ్లాక్ అండ్ వైట్ అనగానే పిల్లలు మూతి ముడిచారు. కానీ సినిమాలో ఇంటి పెత్తనం చేసే ఆవిడ పేరు ఎవరు ఎత్తినా గుర్రాలు బెదిరి సకిలిస్తాయి చూడండి, ఇంగ్లీషు ముక్క రాని అమ్మమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంకో విశేషం, 1931 నాటి అసలు 'ఫ్రాంకెన్‌స్టైన్' ల్యాబ్ సామాన్లనే ఇందులోనూ వాడారు. వెక్కిరించడానికి కూడా అంత శ్రద్ధ!

'షాన్ ఆఫ్ ద డెడ్' (2004)లో జాంబీల మీదికి పాటల రికార్డులు విసురుతూ, ఏది విసరాలో ఏది దాచుకోవాలో వాదించుకునే సీను మా తమ్ముడు రెండోసారి పెట్టించుకున్నాడు.

'స్కేరీ మూవీ' (2000) మాత్రం పెద్దల ముందు పెట్టకండి, దండం పెడతాను. పైగా అది వెక్కిరించే 'స్క్రీమ్' అనే హారర్ సినిమా చూడకపోతే సగం జోకులు అందవు.

తెలుగులో 'ఆనందో బ్రహ్మ' (2017). మనుషుల్ని చూసి దెయ్యాలు జడుసుకోవడమనే పాయింటే సగం గెలిపించింది.

'వన్ కట్ ఆఫ్ ద డెడ్' మిగిలింది. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, అక్కడ ఆపేయొద్దని గట్టిగా చెప్పారుగా, అది చూసే రోజు రిమోట్ బావ చేతికి ఇవ్వను.