పొద్దున్నే కారు సరిగా స్టార్ట్ కాదు, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు) వణుకుతుంది. ముందు ఏం చూడాలి?

నాది పాత పెట్రోల్ కారు, ఫ్యూయెల్ ఇంజెక్షన్‌ది. రాత్రంతా ఆగి ఉన్నాక సెల్ఫ్ కొడితే ఇంజన్ చురుగ్గానే తిరుగుతుంది కానీ వెంటనే అందుకోదు. అందుకున్నాక ఆర్‌పీఎం 500కి పడిపోయి, మళ్లీ 1,100 దాకా లేచి, అలా ఊగుతూనే ఉంటుంది. స్టీరింగ్ చేతిలో వణుకుతుంది. వేడెక్కాక చాలావరకు సర్దుకుంటుంది గానీ సిగ్నల్ దగ్గర ఆగితే చిన్న కుదుపు మిగిలే ఉంటుంది. చెక్ ఇంజన్ లైట్ వెలగదు.

బ్యాటరీ, స్పార్క్ ప్లగ్‌లు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవే. థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) శుభ్రం చేయించాను, తేడా లేదు.

నాకు బాగా అనుమానం కలిగించింది ఒకటుంది. కీ ఆన్ చేసి, ఫ్యూయెల్ పంపు శబ్దం ఆగేదాకా ఉండి, ఆఫ్ చేసి, మళ్లీ అలాగే చేశాక సెల్ఫ్ కొడితే ఠక్కున అందుకుంటుంది. అంటే రాత్రి ఫ్యూయెల్ లైన్‌లో ప్రెషర్ దిగిపోతోందనే కదా? అలాగైతే పంపులో పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ పోయిందా, ఇంజెక్టర్ కారుతోందా, ప్రెషర్ రెగ్యులేటరా అన్నది గేజ్ పెట్టి ఎలా విడదీయాలి?

కానీ ప్రెషర్ ఒక్కటే కారణమైతే స్టార్ట్ అయ్యాక ఐడిల్ ఎందుకు ఊగాలి? వాక్యూమ్ లీకా (ఎక్కడినుంచో అదనపు గాలి దూరడం), ఐడిల్ కంట్రోల్ వాల్వా, లేక కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ చల్లటి ఇంజన్‌ని వేడిదిగా చూపిస్తోందా? మెకానిక్ ఈసీయూ (ఇంజన్‌ని నియంత్రించే కంప్యూటర్) మార్చేద్దామంటున్నారు, నాకు మనసొప్పడం లేదు. ఇలాంటిది సరిచేసినవాళ్లు ఏ వరుసలో చూడాలో చెప్పండి, ప్లీజ్.