చింతపలకతో రెసిన్ కౌంటర్: వేడి గిన్నెకు తట్టుకునేలా ఎలా చేయాలి?

అన్నలూ, అక్కలూ, కాస్త సలహా కావాలి. మాది హనుమకొండ. గాలివానకు పడిపోయిన మా చింతచెట్టు మొద్దును సామిల్లులో రెండంగుళాల పలకలుగా కోయించి, ఏడాదిన్నర నీడలో ఆరబెట్టాను. దాంతో వంటింట్లో ఐదడుగుల కౌంటర్ చేద్దామని ప్లాన్. మధ్యలో పగులున్నచోట నీలం ఎపాక్సీ రెసిన్ (పోశాక గట్టిపడే ద్రవం).

ముందు చిన్న ముక్క మీద పోసి చూశాను. చెక్కలోంచి రాత్రంతా బుడగలు వచ్చి, పొద్దునకు సర్వపిండికి వేలితో పెట్టిన చిల్లుల్లా తయారైంది. రెండో ముక్కకు ముందుగా బ్రష్‌తో పలుచని కోటు కొట్టి, అది కాస్త బిగిశాక పోశాను. అద్దంలా వచ్చింది. ఆ సంబరం రెండు రోజులే. మా అమ్మ పొయ్యి మీది గిన్నె దించి నేరుగా దానిమీదే పెట్టింది. తెల్లగా గుండ్రటి మచ్చ, వేలితో తడిమితే చిన్న గుంట. అమ్మనేం అంటాం, వంటింట్లో గిన్నె పెట్టకుండా ఉంటారా?

మామూలు ఎపాక్సీ 50–60 డిగ్రీలకే మెత్తబడుతుందట. పైన పీయూ (పాలీయూరిథేన్ వార్నిష్) కోటు కొడితే గీతలు ఆగుతాయేమో గానీ, కింద రెసిన్ అదేగా! హై హీట్ రెసిన్ ఎవరైనా వాడారా? నిజంగా తట్టుకుందా? లేక పొయ్యి పక్కన అడుగున్నర గ్రానైట్ ముక్క దించడమే నయమా? అలా అయితే వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు గ్రానైట్ పక్కన ఎంత సందు వదలాలి?