షెంగెన్ దేశాల్లో వీసా లేకుండా 90 రోజులు: మధ్యలో లండన్ వెళ్లి వస్తే లెక్క మళ్లీ మొదలవుతుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేమిద్దరం గుంటూరు వాళ్లం, అమెరికా పౌరసత్వం తీసుకుని డాలస్‌లో స్థిరపడ్డాం. ఉద్యోగ విరమణ అయింది కనుక వచ్చే మార్చి 1న లిస్బన్‌లో దిగి పోర్చుగల్, స్పెయిన్, ఇటలీ తీరిగ్గా చూడాలనుకుంటున్నాం. మే 22న లండన్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళ్లి, 29న ఇటలీకి తిరిగి వస్తే మళ్లీ 90 రోజులు లభిస్తాయా? దేశానికి 90 రోజుల చొప్పున ఉండవచ్చని కూడా కొందరు అంటున్నారు. హైదరాబాద్ నుంచి మా అత్తగారు భారత పాస్‌పోర్టుతో వచ్చి మాతో కలుస్తారు. ఆవిడకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉంది. ఆవిడ ఎంతకాలం ఉండవచ్చు?

జవాబు 1:
మళ్లీ 90 రోజులు లభించవండీ. షెంగెన్ ప్రాంతం అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల కూటమి. అందులోని 29 దేశాలకూ కలిపి లెక్క ఒక్కటే కాబట్టి, లిస్బన్‌లో గడిపిన రోజూ రోమ్‌లో గడిపిన రోజూ ఒకే ఖాతాలో చేరతాయి. ఏ రోజుకు ఆ రోజు, దానితో కలిపి వెనక్కి 180 రోజులు చూసి, అందులో మీరు అక్కడ ఉన్న రోజులు 90 దాటకుండా ఉన్నాయా లేదా అన్నదే నిబంధన. దిగిన రోజు, బయలుదేరిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి.

మీ ప్రయాణానికే చూద్దాం. మార్చిలో 31, ఏప్రిల్‌లో 30, మేలో 22 కలిపి 83 రోజులు అవుతాయి. బ్రిటన్ షెంగెన్‌లో లేదు కనుక లండన్‌లో ఉన్న రోజులు ఇందులో చేరవు గానీ, వాడుకున్న 83 రోజులు చెరిగిపోవు. మే 29న తిరిగి వస్తే ఇంకా 7 రోజులే మిగులుతాయి కనుక, జూన్ 4కల్లా బయటపడాలి. మార్చి 1 ఆ 180 రోజుల పరిధి నుంచి జారిపోయేది ఆగస్టు 28న. అక్కడి నుంచి పాత రోజులు ఒక్కొక్కటిగా మీకు తిరిగి వస్తాయి.

జవాబు 2:
మీ అత్తగారి విషయంలో చాలామంది పొరబడుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. వీసాపై ఉన్న రెండేళ్లు ఆవిడ ఆ దేశాల్లోకి ఎప్పుడెప్పుడు ప్రవేశించవచ్చో చెప్పే గడువు మాత్రమే. ఉండగలిగే రోజుల సంఖ్య స్టిక్కర్‌పై విడిగా ముద్రించి ఉంటుంది. ఆవిడకు కూడా 180 రోజుల్లో 90కి మించి అనుమతి ఉండదు. ఆవిడ లండన్ కూడా రావాలంటే బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవాలి, షెంగెన్ వీసా అక్కడ చెల్లదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. అలాగైతే జూన్ నుంచి ఆగస్టు వరకు లండన్‌లోనే ఉండవచ్చా? పాస్‌పోర్టులో ముద్ర సరిగా పడకపోతే రోజుల లెక్క ఎలా చూపించాలి?

జవాబు 1:
నిస్సంకోచంగా ఉండవచ్చు. అమెరికా పౌరులు సందర్శకులుగా బ్రిటన్‌లో సాధారణంగా ఆరు నెలల వరకు ఉండవచ్చు, అయితే ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే అనుమతి తీసుకోవాలి. ముద్రల సంగతికి వస్తే, 2025 అక్టోబర్ 12 నుంచి దశలవారీగా షెంగెన్ సరిహద్దుల్లో వాటి స్థానంలో ఫొటో, వేలిముద్రలతో కంప్యూటర్ నమోదు వచ్చింది, గడువు దాటితే ఆ వ్యవస్థే గుర్తిస్తుంది. జరిమానా, మళ్లీ ప్రవేశంపై నిషేధం వంటివి దేశాన్ని బట్టి ఉంటాయి. ఈ వయసులో అలాంటి చిక్కు మీకు రాకూడదు. విమానం రద్దయినా ఇబ్బంది లేకుండా రెండు మూడు రోజులు మిగుల్చుకుని టికెట్లు తీసుకోండి.